ధాతువులో మూడో వంతు

మా జిల్లా అర్థాల శాఖలో ఒక్కో మాట ఒక్కో ఉద్యోగి అధీనంలో ఉంటుంది. ఆ ఉద్యోగి సెలవు పెడితే ఆ రోజు జిల్లాలో ఎవరి నోటా ఆ మాట రాదు, ఎవరి కలానా పడదు.

అప్పలసూరి అధీనంలో ఉన్నది 'వగైరా'. (ఇది పక్క జిల్లాలో కూర్చుని రాస్తున్నాను కనుక ఆ మాట రాయగలుగుతున్నాను.) ఇరవై రెండేళ్లుగా ప్రతి కాగితం చివరా అది ఉంది. దాని కోసం శాఖ గడప తొక్కినవాడు మాత్రం ఒక్కడూ లేడు. పక్క సీటు పైడితల్లిది 'ధాతువు'. గనుల వాళ్లకు అది ఖనిజం, ఆయుర్వేద వైద్యులకు ఒంట్లోని రక్తమాంసాలు, తెలుగు పండితులకు క్రియాపదానికి మూలం. మూడు అర్థాలకు మూడు కుర్చీలు, మూడింటి మీదా తెల్ల తువ్వాళ్లు. వాటిని చూసినప్పుడల్లా అప్పలసూరికి కడుపు మండిపోయేది. ఆవిడ భోజనానికి వెళ్లాక ఒక్కో తువ్వాలూ తడిమి చూసేవాడు.

చివరికి ఒక అర్థం తనకు బదిలీ చేయమని అర్జీ పెట్టాడు. దానికి మాట పుట్టుక పత్రం జతచేయాలి. 'ధాతువు' సంస్కృతంలోని 'ధా' నుంచి వచ్చిందని, దానికి ఉంచడం, మోయడం అని అర్థమని రికార్డు గదిలో నకలు తీయించాడు. మోయడమే అర్హత అయితే, జాబితాల్లో అందరూ వదిలేసినవాళ్లను ఇన్నేళ్లూ మోసింది నేనే కదా అని రాశాడు. రాసి తనే కళ్లు తుడుచుకున్నాడు.

పైడితల్లి అభ్యంతరం చెప్పలేదు.

"ఒంటి అర్థం తీసుకోండి బాబూ. రోజూ జొరాలూ నొప్పులూ ఇనలేక సస్తన్నాను" అంది.

అంత తేలిగ్గా ఇచ్చేసినందుకు ఆయనకు ఇంకా మండింది.

బదిలీ మంజూరైంది, నిబంధన ప్రకారం పాత మాట అప్పగించాడు. ఆ సీటులోకి ఎవరినీ వేయలేదు. దాంతో జిల్లాలో జాబితాలు ముగించడం కష్టమైంది. అందరి పేర్లూ రాస్తే కాగితం చాలదు కనుక, రాసినంత వరకే మనుషులున్నట్టు భావించాలని సర్క్యులర్ వచ్చింది. వరద సాయం వరసల్లోంచి చాలామంది వెనక్కి వెళ్లిపోయారు. గొడవేమీ జరగలేదు.

ఆ నెలలోనే శాఖ వార్షిక సన్మానం. తువ్వాలు భుజాన వేసుకుని వచ్చిన అప్పలసూరిని అటెండరు గుమ్మంలో ఆపాడు.

"కార్డులో మూడు పేర్లేనండి. మీది లేదు."

"నా పేరు ఏనాడుంది గనక?"

"అప్పుడు చివర్న ఆ మాటుండేది కదండి."

నిజమే కాబట్టి అప్పలసూరి బయటే నిలబడ్డాడు. ఒంట్లో రక్తం, మాంసం, ఎముకలు అన్నీ తన పేరనే నమోదై ఉన్నాయి. లోపల పైడితల్లికి శాలువా కప్పుతున్నారు. అంతలో వరద సాయం అందనివాళ్లు అర్జీలు పట్టుకుని వచ్చి ఆయన వెనక వరస కట్టారు. తమను కలుపుకునే ఆ చివరి మాటను మళ్లీ ఇప్పించాలట. వరస వీధి మలుపు దాటింది.

ఆ మాట కోసం జనం రావడం ఆయన చూడ్డం అదే మొదటిసారి. ఖాళీ సీటులోకి ఎవరొస్తారో ఇంకా తెలియదు. ఆ వచ్చేవాడి మీద అప్పలసూరికి అప్పుడే అసూయ పుట్టింది.