చెంచయ్య పాకలకు కుళాయి ఎందుకు?

ఏ ఊరికీ చెందకపోవడమంత భోగం లోకంలో మరొకటి లేదు! నమ్మరా? సత్తెనపల్లి నుంచి వినుకొండ వెళ్లే దారిలో బస్సు దిగి, పత్తిచేలకు అడ్డంపడి నడవండి. చెంచయ్య పాకలు అనే పల్లె వస్తుంది. నలభై రెండు ఇళ్లు. అటు తూర్పూరు, ఇటు పడమటూరు. మాది కాదంటే మాది కాదని రెండు పంచాయతీలూ చేతులు దులిపేసుకున్నాయి. ఇంతటి స్వాతంత్ర్యం ఢిల్లీకైనా ఉందా?

ఈ ఘనత ఊరికే రాలేదు. తొంభై ఎనిమిది మార్చిలో కల్లంలో మిరపకాయలు ఎండబోసి ఉండగా వాన ముంచుకొచ్చింది. టార్పాలిన్ కప్పితే గాలికి లేచిపోతోంది. బరువు పెట్టడానికి చెంచయ్య చేతికందిన రాయి పెకలించి తెచ్చాడు. తీరా చూస్తే అది రెండూళ్ల మధ్య హద్దురాయి! కాయలు దక్కాయి, ఊరు పోయింది. రాయి ఎక్కడ పీకాడో ఎవరికీ చెప్పకుండానే మరుసటేడు ఆయనా పోయాడు. ఎంత దూరదృష్టి!

ఇక సుఖాలంటారా? రోడ్డు లేదు కనుక గుంతలు లేవు. కుళాయి లేదు కనుక లీకేజీ అన్న మాటే లేదు. చెంచయ్య భార్య వెంకటరావమ్మకు డెబ్బై దాటాయి. పొద్దున్నే బిందె ఎత్తుకుని కిలోమీటరున్నర నడిచి మంచినీళ్లు తెచ్చుకుంటుంది. పట్నంలో ఈ వాకింగ్ చెప్పినందుకే డాక్టర్లు ఫీజు పుచ్చుకుంటారు! అయినా మోకాళ్లు పట్టేశాయని ఆవిడ గొణుగుతుంది. కృతజ్ఞత లేని మనిషి.

ఒక్క కుళాయి కోసం ఎనిమిదేళ్లుగా అర్జీలు పెడుతోంది. రెండు పంచాయతీల జవాబూ ఒకటే: "రాయి ఎక్కడుండేదో తేల్చుకుని రామ్మా." ఆ రాయి మీదే ఇప్పుడు ఆవిడ బట్టలుతుక్కుంటోంది.

మొన్న ఎన్నికలకు మాత్రం ఏ సర్వేయరూ రాకుండానే హద్దు తేలిపోయింది. ఓటర్ల జాబితాలో సగం ఇళ్లు తూర్పూరికి, సగం పడమటూరికి! తూర్పూరి సర్పంచి అభ్యర్థి నాగేంద్రబాబు జీపు బురదలో దిగబడ్డా, కాళ్లీడ్చుకుంటూ వెంకటరావమ్మ గుమ్మం దాకా వచ్చాడు.

"పెద్దమ్మా! మన ఊరి ఓటు మనకే పడాల!"

ఆవిడ బట్టలు బాదడం ఆపలేదు. "నీళ్లడిగితే మీ ఊరిదాన్ని కాదంటిరి. ఓటుకెట్టా అయ్యానయ్యా? ఇదుగో మీ రాయి. ఎక్కడ పాతాలో నీకు తెలిసినట్టుందిగా, పట్టుకుపో."

సాయంత్రానికి రెండూళ్ల ట్యాంకర్లూ పోటీపడి వచ్చాయి. ఏ ఊరికీ చెందని పాకల చరిత్ర పాడైపోతుందని నాకు ఒళ్లు మండింది! అదృష్టం బాగుండి, పోలింగ్ మర్నాటి నుంచి ఒక్కటీ రాలేదు. వెంకటరావమ్మ మళ్లీ బిందె ఎత్తుకుంది.

ఇంతకంటే రాయాలని ఉంది కానీ తీరిక లేదు. పట్నంలో మా వీధికి కుళాయి రోజూ రెండు పూటలా వస్తుంది. నిన్న సాయంత్రం రాలేదు. ఇంత అన్యాయమా? వీధంతా కలిసి ధర్నాకు వెళ్తున్నాం!