1,42,857 మహిమ

వెంకటేశం సారు మీద నాకు కోపం లేదంటే మీరు నమ్మరు. కనుక ఉందనే చెబుతాను. అయినా సరే, చదువు తక్కువవాడికి పెద్ద అంకెను మించిన వరం లేదని ఇక్కడ రుజువు చేస్తాను!

నేను నాలుగో తరగతిలో బడి మానేసినవాణ్ణి. తార్నాక మూల మీద సైకిళ్లు బాగు చేస్తాను. సారు క్యాంపస్‌లో లెక్కలు చెబుతారు. నేను పంక్చర్ వేస్తుంటే పక్కన నిలబడి నా జ్ఞానం పెంచుతారు.

రామంతాపూర్ దారిలో మా నాయన నాకిచ్చిన భూమిని కొత్త కాలనీకి సర్కారు వాళ్లు తీసుకుంటామన్నారు. ఒప్పుకోనని అర్జీ పెట్టాను. ఆఫీసులో రసీదు ఇచ్చారు. విచారణ నాడు దాని మీది నంబరు చెబితేనే ఫైలు తీస్తారు, పేరు చెబితే తీయరు. ఎంత మంచి పద్ధతి! పేరుదేముంది? సత్తయ్యలు వాడకు పదిమంది ఉంటారు.

రసీదు చదివి పెట్టమని సారుకు ఇచ్చాను. ఆయన అందులో నా భూమిని చూడలేదు. నంబరును చూశారు. పిల్ల నచ్చిన పెళ్లికొడుకులా మురిసిపోయారు.

"సత్తయ్యా, ఈ 1,42,857ని రెండుతో గుణిస్తే 2,85,714. అవే అంకెలు, అదే వరుస, మొదలు ఒక్కటే మారింది. మూడుతో 4,28,571. ఆరు దాకా ఇంతే."

"ఏడుతోని, సారూ?"

"అన్నీ తొమ్మిదులే."

"అయితే భూమి ఉంటదా?"

ఆ ప్రశ్న సిలబస్‌లో లేనట్టు చూశారు. క్లాసులో చూపించి ఇస్తానని రసీదు పట్టుకుపోయారు. నేను చక్రాలు బిగిస్తూ ఆరు నంబర్లూ బట్టీ పట్టాను. మీకు మీ నంబరు ఒక్కటే వస్తుంది. నాకు ఆరు! ముందు ఆ కాగితం తెచ్చుకోమని మా ఆవిడ అమృతమ్మ పోరుతూనే ఉంది. గణితం తెలియని మనిషి!

విచారణ నాటికి సారు సెలవు మీద ఊరెళ్లారు. రసీదు ఆయన బీరువాలో ఉంది. నాకేం భయం? గుమాస్తా ఉప్పలయ్య నంబరు అడిగాడు. ఆరింటిలో ఏది నాదో క్షణం తడబడి, రెండు, ఎనిమిది, అయిదు, ఏడు, ఒకటి, నాలుగు అని చదివాను.

"గిది చిట్టెమ్మ బర్రెల కొట్టం కేసు. నువ్వు చిట్టెమ్మవా?"

కాదని ఒప్పుకొని, ఇంకొకటి చెప్పాను. అంత పెద్ద నంబరు దాకా తమ ఆఫీసు ఇంకా రాలేదట. అలా ఒక్కొక్కటీ అప్పజెప్పుతూ పోతే, అసలు నంబరు ఆరోసారికి దొరికింది. అప్పటికి విచారణ అయిపోయి, అర్జీదారు హాజరు కాలేదని రాసేశారు.

"నేను గీడనే ఉన్న గద అన్నా?"

"నువ్వున్నవు. నీ నంబరు రాలే."

సారు ఊరి నుంచి రాగానే రసీదు తెచ్చిచ్చారు. పిల్లలు చప్పట్లు కొట్టారట. కాగితం మీద ఒక్క మడత కూడా పడలేదు. పోయిందల్లా భూమి: ఎకరం పదమూడు గుంటలు.