బావగారు తలుపు తీసిన ఆదివారం

ఆ ఆదివారం ఉదయం బురుల్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. భర్త జోల్దోష్ తొమ్మిదింటికి తువ్వాలు చంకలో పెట్టుకుని ఆవిరి స్నానానికి వెళతాడు. వెళితే మధ్యాహ్నం దాకా రాడు. కోడలు నజికె వంటింట్లో పిండి కలుపుకుంటూ ఉంటుంది. ఆ మూడు గంటల్లో తను వెనకగదిలో తలుపు వేసుకుని, పద్నాలుగు నెలలుగా సాగుతున్న యుద్ధాన్ని ముగించాలి. భూమిని కాపాడి, లేచి వచ్చి భోజనాలు వడ్డించాలి.

యుద్ధం కంప్యూటర్‌లోది. వేరే గ్రహాల వాళ్ళు భూమి మీదికి దండెత్తి వస్తారు. మన వైపు ఆరుగురు సైనికులు. చదరంగంలో లాగా వంతులుంటాయి: మనవాళ్ళు ఆరుగురూ కదిలాక వాళ్ళు కదులుతారు. తొందరేమీ లేదు, ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. కానీ ఒకసారి అడుగు వేశాక వేసినట్టే.

బురుల్‌కి యాభై ఎనిమిదేళ్ళు. నారిన్ ఊరికి ఎగువన, కొండ మీది వాతావరణ కేంద్రంలో ఇరవై ఆరేళ్ళు ఉద్యోగం చేసింది. మంచుకి కనుమ మూసుకుపోతే అక్కడినుంచి నాలుగు నెలలు దిగడానికి ఉండేది కాదు. మూడు గంటలకోసారి గాలి, చలి, మంచు కొలిచి పుస్తకంలో రాయాలి. తక్కిన వేళంతా పొయ్యి దగ్గర కూర్చోవాలి. తోడు వాలెంతీన అనే రష్యన్ మనిషి ఒక్కతే. ఒక ఏడాది కేంద్రానికి కంప్యూటర్ వచ్చింది. అందులో ఎవరో తీసేయడం మరిచిపోయిన ఈ ఆట ఉంది. ఆ చలికాలం ఇద్దరాడవాళ్ళూ కలిసి భూమిని రెండుసార్లు పోగొట్టుకుని, మూడోసారి నిలబెట్టుకున్నారు. ఉద్యోగాలు అయిపోయాయి, వాలెంతీన కరగందా అనే దూరపు ఊరికి వెళ్ళిపోయింది, ఆట మాత్రం ఇద్దరినీ వదల్లేదు. వారానికోసారి ఫోన్‌లో ఒకరి యుద్ధం ఒకరికి చెప్పుకుంటారు.

వాళ్ళకొక నియమం ఉంది. మామూలుగా ఆడేవాళ్ళు సైనికుడు చనిపోతే ఆటను వెనక్కి తిప్పి మళ్ళీ బతికించుకుంటారు. వీళ్ళు తిప్పరు. కేంద్రంలో పుస్తకంలో ఎక్కించిన అంకెను చెరపడానికి వీల్లేదు, తప్పైనా సరే. ఆటలోనూ అంతే. పోయినవాడు పోయినట్టే.

సైనికులకు బురుల్ ఇంటివాళ్ళ పేర్లు పెట్టుకునేది. భర్త దూరం నుంచి గురిచూసి కాల్చేవాడు. కొడుకు వైద్యుడు. చిక్కంతా బావగారి దగ్గర వచ్చింది. జోల్దోష్ అన్నగారు సగిన్‌బాయ్ కొండ అవతల అత్‌బాషిలో ఉంటాడు. భర్త అన్నగారి పేరు ఇంటి ఆడవాళ్ళు నోట పలకరు. కంప్యూటర్‌లో వేళ్ళతో కొట్టడం పలకడం కిందికి వస్తుందా రాదా అని రెండు రోజులు ఆలోచించి, చివరికి ‘బావగారు’ అనే రాసింది.

అసలాయన్ని దళంలో చేర్చుకోవడానికి కారణం వేరే. మామగారు పోయి ఏడాది తిరిగినప్పుడు, ఆయన ఎక్కి తిరిగిన బూడిదరంగు గుర్రాన్ని సగిన్‌బాయ్ సంవత్సరీకం విందుకి కోయించేశాడు. పద్ధతి ప్రకారం అది తప్పేమీ కాదు. కానీ తమ్ముణ్ణి అడగలేదు. ఆ గుర్రాన్ని ఇంటికి తెచ్చి పెంచుకుందామని జోల్దోష్ గడ్డి కూడా కోసి పెట్టుకున్నాడు. అన్నదమ్ములు మాట్లాడుకుని ఆరేళ్ళయింది. బురుల్ కాపురానికి వచ్చినప్పుడు ఆ ఇద్దరూ ఒకే కంచంలో తినేవాళ్ళు. ఆటలోనైనా వాళ్ళు రోజూ ఒకే బండి ఎక్కి, ఒకే బండి దిగేవాళ్ళు. ఆమెకు అదొక ఊరట.

పద్నాలుగు నెలల్లో బావగారు దళానికంతటికీ పెద్దయ్యాడు. మూసిన తలుపు కనబడితే ముందు ఆయనే వెళ్ళి తీసేవాడు.

ఆ రోజు శత్రువుల పెద్ద ఓడలో ఆఖరి గది ముందు కూడా ఆయనే వెళ్ళాడు. తలుపు తీశాడు. లోపలంతా పొగ. ఎదురుగా నిలబడ్డవాడికి గుండు తగిలే అవకాశం నూటికి తొంభై అయిదని తెర మీద పడింది. బురుల్ కాల్పించింది. తప్పిపోయింది. తొంభై అయిదు అంటే తక్కిన అయిదూ కూడా ఉన్నట్టేనని వాతావరణం చూసిన మనిషికి తెలియనిది కాదు. వంతు అవతలివాళ్ళకి వెళ్ళింది. రెండు క్షణాల్లో అయిపోయింది.

 బురుల్ వాలెంతీనకి ఫోన్ చేసింది.

“బావగారు పోయారు, వాల్యా. నేనే పంపాను. నా చేతులతో నేనే పంపాను.”

అంతవరకు చెప్పి ఏడ్చింది.  మంచినీళ్ళు పెట్టడానికి వచ్చిన నజికె తలుపు బయటే నిలబడిపోయింది.

నజికె ఆ ఇంటికి వచ్చి నాలుగు నెలలే. భర్త లారీ మీద కనుమల్లో ఎక్కడో ఉన్నాడు, ఫోన్ తగలదు. మామగారి ఫోన్ వంటింటి అరలోనే ఉంది. అత్తగారు పిలవనిదే వెనకగదిలోకి వెళ్ళే అలవాటు లేదు. ఏం చేయాలో తోచక పక్కింటి కలిమా దగ్గరికి వెళ్ళింది. కలిమా అరవై ఏడేళ్ళ మనిషి; ఆ వీధిలో పెళ్ళైనా చావైనా పొయ్యి వెలిగించేది ఆవిడే.

“మా పెద్దాయన పోయారు, పెద్దమ్మా. అత్తయ్య లోపల ఏడుస్తున్నారు.”

పెద్దమామగారి పేరు చెప్పకూడదు గనక నజికె అలా అంది. కలిమాకి ఆ ఇంట్లో తెలిసిన పెద్దాయన జోల్దోష్ ఒక్కడే. పొద్దున్నే తువ్వాలుతో స్నానానికి వెళుతూ ఆవిడకి నమస్కారం కూడా పెట్టి వెళ్ళాడు. పోయిన చలికాలం ఇంకొకాయన ఆ ఆవిరిలోనే కుప్పకూలాడు. ఆవిడ ఇంకేమీ అడగలేదు. కోడలు భయపడుతూ, ఆయనకి కబురెవరు చేస్తారని అడిగింది. ఆమె అడిగింది జోల్దోష్ గురించి. కలిమాకి తోచింది సగిన్‌బాయ్. తను చూసుకుంటానని చెప్పి, వెంటనే అత్‌బాషికి ఫోన్ చేయించింది.

తర్వాత కలిమా నల్ల శాలువా కప్పుకుని నేరుగా వెనకగదిలోకి వెళ్ళి బురుల్‌ని కౌగిలించుకుంది. కోడలు విని చెప్పి ఉంటుందనుకుంది బురుల్. ఆట సంగతి పక్కింటావిడ ఇంతగా మనసుకి తీసుకున్నందుకు ఆమె ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఎలా జరిగిందమ్మా?”

“తలుపు తీశారక్కా. లోపలంతా పొగ. రెండడుగులు వేశారు, అంతే.”

“బాధపడ్డారా?”

“లేదు. ఒక్క క్షణం.”

“అదొక్కటే మేలు. నువ్విప్పుడు పడుకో. తక్కినవి మేం చూస్తాం.”

“పడుకోడానికి లేదక్కా. ఇంకా అయిదుగురున్నారు. వాళ్ళని క్షేమంగా ఇంటికి చేర్చాలి.”

భర్త శవం ఇంటికి రాకముందే కుటుంబం గురించి ఆలోచిస్తున్న ఇల్లాలిని చూసి కలిమాకి కళ్ళు చెమర్చాయి. బురుల్ ఆట చప్పుడు వినే తొడుగులు చెవులకి పెట్టుకుని, గోడవైపున్న తెరకేసి తిరిగింది. మనిషి దుఃఖంతో లోకాన్ని మూసేసుకుందని కలిమా అర్థం చేసుకుని, చప్పుడు కాకుండా తలుపు వేసి బయటికి వచ్చింది.

అక్కణ్ణుంచి పనులు వాటంతటవే జరిగిపోయాయి. నలుగురు మగవాళ్ళు శవాన్ని ఉంచడానికి వాకిట్లో ఉన్ని గుడారం ఎత్తారు. కలిమా భర్త ఇసా తన దొడ్లోంచి గొర్రెను తెచ్చి కోయించాడు. ఆడవాళ్ళు పెద్ద మూకుడు పెట్టి పిండి ముక్కలు వేయించసాగారు. వచ్చేవాళ్ళు వస్తున్నారు. స్నానశాలలో పడిపోయాడని ఒకరన్నారు. ఆస్పత్రిలో ఉంచారని, మధ్యాహ్నానికి తెస్తారని మరొకరన్నారు. ఎవరు తెస్తారో ఎవరికీ తెలియదు గానీ, తెచ్చేది వేరేవాళ్ళ పనని అందరికీ నమ్మకం.

నజికె ఇదంతా చూస్తోంది. పెద్దమామగారి కోసం ఇంతమంది రావడం ఆమెకి వింతగా తోచలేదు. పెద్ద మనిషి కదా. కానీ మామగారు ఇంకా రాలేదు. మాట అందలేదేమోనని తనే రెండు వీధుల అవతలి స్నానశాలకి వెళ్ళింది. గుమ్మంలోని మనిషి విషయం విని, పోయింది మామగారి అన్నగారా అని అడిగి, ఆమె తల ఊపాక లోపలికి కేకేసి చెప్పాడు.

జోల్దోష్ తడి తలతోనే బయటికి వచ్చాడు. దుఃఖానికి వెళ్ళే మగవాడు మంచి కోటు తొడిగి, నడుముకి గుడ్డ కట్టుకుని, నెత్తిన టోపీ పెట్టుకుని వెళ్ళాలి. అతను ఒంటి మీది చొక్కాతో వచ్చాడు. స్నానానికి వచ్చిన ఎవరో లావుపాటాయన తన పొడుగు కోటు, ఎత్తైన తెల్ల ఉన్ని టోపీ ఇచ్చాడు. కోటు పాదాల దాకా వచ్చింది, టోపీ కనుబొమల మీదికి దిగింది. అలా ఇంటి వెనక సందులోంచి నడుస్తూ వాకిట్లో గుడారం చూశాడు. అన్న కోసం వీధివాళ్ళు అప్పుడే ఇక్కడ కూడా ఏర్పాట్లు చేశారని అనుకున్నాడు. ఇక పద్ధతి ప్రకారం నడుం పట్టుకుని, తల వంచుకుని, ఏడుపు ఎత్తుకున్నాడు.

సరిగ్గా ఆ వేళకే వీధి వైపు కారు ఆగింది. సగిన్‌బాయ్ దిగాడు. డెబ్బై దగ్గరపడ్డ మనిషి, చేతికర్ర మీద వంగి, కళ్ళు మూసుకుని ఏడుస్తూ వచ్చి, గుడారం పక్కన గోడకి నుదురానించి నిలబడ్డాడు. అందరి చూపూ ఆయన మీదే ఉంది. పెద్ద కోటులో మరొకాయన వచ్చి ఆయన పక్కనే గోడవైపు తిరిగితే, ఎవరో బంధువు అనుకున్నారు.

ఇద్దరూ భుజం భుజం కలిపి ఏడ్చారు.

“ఒక్కగానొక్క తమ్ముడివి,” అని సగిన్‌బాయ్ ఎత్తుకున్నాడు. “నిన్ను మాటమాత్రం అడక్కుండా చేశాను. ఆ రాత్రే నీ దగ్గరికి రావల్సింది. తప్పు నాదేనని చెప్పడానికి కూడా ఇక నువ్వు లేవు.”

పక్కన జోల్దోష్ ఇదేమీ వినే స్థితిలో లేడు. “నాకు తండ్రి తర్వాత తండ్రివి నువ్వు. గుర్రం ఎంత, నువ్వెంత. గుర్రం కోసం ఆరేళ్ళు నీ గడప తొక్కలేదు.”

సగిన్‌బాయ్ ఏడుపు ఆపాడు. తల తిప్పకుండానే అడిగాడు.

“ఏ గుర్రం?”

“నాన్న బూడిదరంగు గుర్రం,” అన్నాడు జోల్దోష్, గోడకే చెప్పుకుంటున్నట్టు.

సగిన్‌బాయ్ అప్పుడు తిరిగాడు. టోపీ పైకెత్తి చూశాడు. చెంప మీద చెయ్యి వేశాడు. చెంప తడిగా ఉంది, వెచ్చగా కూడా ఉంది.

“నువ్వు పోలేదా?”

“నేనెందుకు పోతాను? పోయింది నువ్వు కదా.”

 అన్నదమ్ములు ఒకరినొకరు పట్టుకుని ఈసారి మాటల్లేకుండా ఏడ్చారు. చుట్టూ ఉన్నవాళ్ళలో కొందరు వాళ్ళతో పాటు ఏడ్చారు. కొందరు గుడారం వైపు చూసి, అయితే పోయిందెవరని మెల్లగా ఆరా తీశారు. కలిమా నజికె వైపు చూసింది. నజికె అత్తగారి గది వైపు చూసింది.

అప్పుడే వెనకగది తలుపు తెరుచుకుంది. బురుల్ గుమ్మంలోకి వచ్చింది. మూడు గంటలు తెర చూసిన కళ్ళకి వెలుతురు పడక, ఎదురుగా యాభై మంది ఉన్నారని ఆమెకి తెలియలేదు. కోడలు ఉందనుకుంది.

“అయిపోయింది,” అంది నిండు ముఖంతో. “గెలిచాం.”

తర్వాత ఆమెకి జనం కనిపించారు. గుడారం కనిపించింది. ఎవరి కోటో వేసుకున్న భర్త, అతని చెయ్యి వదలకుండా పట్టుకున్న బావగారు కనిపించారు. ఆరేళ్ళ తర్వాత ఒకే చోట ఆ ఇద్దరినీ చూసి, సంగతేమిటని అడగకముందే ఆమె గడప మీద కూర్చుండిపోయింది.

విషయం బయటికి లాగడానికి అరగంట పట్టింది. నజికె విన్నది చెప్పింది, కలిమా అనుకున్నది చెప్పింది, బురుల్ మాత్రం జరిగింది చెప్పింది. చావు నిజమేనని, కాకపోతే కంప్యూటర్‌లో జరిగిందని ఆమె అన్నప్పుడు ఎవరూ నవ్వలేదు. వాకిట్లో సగం మంది కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. నజికె ఏడుస్తూ అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుంటే, బురుల్ ఆమె తల నిమిరి, పేరు పలకని నోరు తనదీ ఒకటి ఉంది గనక తప్పు చెరిసగమని చెప్పింది.

ఇసా పెద్దవాడు కాబట్టి అందరూ అతని వైపు చూశారు. కోసిన గొర్రెను మళ్ళీ నిలబెట్టలేమని, ప్రార్థనకి ఎత్తిన చేతుల్ని మధ్యలో దించకూడదని అతను చెప్పాడు. ఇద్దరు బతికి వచ్చినందుకు కృతజ్ఞతగా తినమన్నాడు. జనం గుడారంలో కూర్చుని తిన్నారు. అన్నదమ్ములకి కలిమా ఒకే కంచంలో పెట్టింది. సగిన్‌బాయ్ మెత్తటి ముక్కలు ఏరి తమ్ముడి వైపు తోశాడు.

భోజనాలయ్యాక ఆయన తను పోయిన చోటు చూస్తానన్నాడు. బురుల్ కుర్చీ చూపించింది. సగిన్‌బాయ్ కళ్ళజోడు పెట్టుకుని, దళం చరిత్రంతా ఉండే పట్టికను పైనుంచి కింది దాకా చూశాడు. తన పద్నాలుగు నెలలు, ముప్పై ఒక్క దాడులు, పతకాలు. ఎన్నిసార్లు గాయపడ్డాడో కూడా అందులో ఉంది. పదకొండు.

“ప్రతి తలుపూ నేనే తీశానా?”

“మీరే, బావగారూ. మీ అంత ధైర్యం ఇంకెవరికీ లేదు.”

ఆ మాటకి ఆయన నడుం నిటారయింది. తర్వాత తమ్ముడి వరుస మీద వేలు పెట్టాడు.

“వీడెక్కడున్నాడు అప్పుడు?”

“ఆయన దూరం నుంచి కాలుస్తారు. ఇంటి కప్పుల మీద ఉంటారు.”

“గాయాలు?”

బురుల్ అబద్ధం చెప్పే మనిషి కాదు. “లేవు,” అంది.

“ఒక్కటీ?”

“ఒక్కటీ లేదు.”

సగిన్‌బాయ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తనని మళ్ళీ బతికించడానికి వీలుంటుందా అని అడిగాడు. వీలుందని, కానీ అలా చేయకూడదన్నది నియమమని ఆమె వివరంగా చెప్పింది. ఆయన అంతా విని, లేచి, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని బయటికి నడిచాడు.

ఇప్పుడు అన్నదమ్ములు రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటారు. పండగలకి రాకపోకలు మొదలయ్యాయి. సగిన్‌బాయ్ కొండ అవతలి నుంచి వెన్న పంపిస్తాడు, పెద్ద పెద్ద పువ్వులున్న ఉన్ని దుప్పటి కూడా కోడలికి పంపించాడు. ప్రతి తలుపూ తనచేతే తీయించిన మరదలితో మాత్రం ఆయన మాట్లాడటం మానేశాడు.