గాలిని చోప్ చేసిన మహీధర్

బుధవారం ఉదయం సింగపూర్ పుంగ్గోల్‌లోని తన ఫ్లాట్ హాల్లో మహీధర్ రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టాడు. ఒకటి వైఫైది, రెండోది బుల్లి మొబైల్ టవర్. ఒకే రేడియో తరంగాలను రెండూ కీచులాడుకోకుండా పంచుకుంటాయని పదింటికి డైరెక్టర్ కీర్తికకు వీడియోలో చూపించాలి. ఒకటి మాట్లాడుతుంటే రెండోది ఆగుతుంది. సూత్రం అంతే. చూపించలేకపోతే ప్రాజెక్టు మూత. దాంతో పాటే మహీధర్ ఉద్యోగం, సింగపూర్‌లో ఉండనిచ్చే వర్క్ పాస్.

ముందురోజు రిహార్సల్లో ఒక్క తప్పూ రాలేదు. అందుకే అతనికి భయం ఎక్కువైంది. పక్కిళ్ల వైఫైలు గోడలు దాటి వచ్చి ఇవాళే అడ్డుపడితే? హాకర్ సెంటర్లో తిండికి వెళ్లినవాళ్లు టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల చోప్ చేసి తమకని ఆపుకున్నట్టు, గాలినే చోప్ చేద్దామని, వైఫైలు కాసేపు ఆపమని అడగడానికి పక్కిళ్లకు బయల్దేరాడు.

“పంచుకోవడం చూపించడానికి పక్కవాళ్లవి ఆపిస్తారా?” అంది భార్య నిఖిల.

“ఒక్క గంటేనే! ఉద్యోగం పోతే ఇంకేం పంచుకుంటాం?”

ఇరుగుపొరుగు ఎవరూ కాదనలేదు. ఎదురింటి లీలావతి ఆంటీ అయితే, “ఈమాత్రం దానికి ఇంత మొహమాటమా నాయనా!” అంటూ అతని కళ్లముందే స్విచ్ ఆపేసింది.

పదికి కాస్త ముందు బెల్ మోగింది. ఆంటీ, చేతిలో టాబ్లెట్.

“ఆన్‌లైన్లో మా పారాయణం ఉంది నాయనా. మాది ఆపేశాం కదా, మీ వైఫైలో కూర్చుంటా.”

తన కోసం నెట్ ఆపుకున్న మనిషిని గుమ్మంలో నిలబెట్టడం ఎలా? రమ్మన్నాడు. ఆవిడ వెనకే ఆన్‌లైన్ ట్యూషన్ క్లాసుతో మనవరాలు చాందిని. ఆ వెనక క్రికెట్ నడుస్తున్న ఫోనుతో పక్కింటి రాజారావు. “మీకు చాలవేమోనని” కుర్చీ కూడా తనే మోసుకొచ్చాడు. నిఖిల చప్పుడు చేయకుండా ఉప్మాకు నీళ్లు పెంచింది.

“అంకుల్, యువర్ వైఫై సో స్లో లా!” అంది చాందిని సింగపూర్ యాసలో.

“ష్!” అన్నాడు మహీధర్.

“మీ ఆయన అలా ష్ అంటుంటే నేను చదివేదెలా అమ్మాయ్?” అంది ఆంటీ నిఖిలతో.

సరిగ్గా అప్పుడే కాల్ కలిసింది. తెర మీద కీర్తిక కళ్లు పెద్దవయ్యాయి.

“మహీధర్ గారూ, వెనక ఏంటి, పెళ్లా?”

“కాదు మేడమ్... గాలి ఖాళీ చేయిద్దామని...” ఉన్నదంతా చెప్పేశాడు. ఇక పెట్టెలు సర్దుకోవడమే అనుకున్నాడు.

“వాళ్లంతా మీ వైఫై మీదేనా? ఇప్పుడు మీరు మాట్లాడేది బుల్లి టవర్ మీద?”

“అవును మేడమ్.”

“నాకు ఒక్కసారి కూడా ఆగలేదే! వాళ్లకి?”

“మ్యాచ్ బ్రహ్మాండంగా వస్తోందమ్మా!” అన్నాడు రాజారావు, ఎవరూ అడక్కుండానే. “స్లో, బట్ కెన్ లా,” అంటూ ఫర్వాలేదని ఒప్పుకుంది చాందిని.

కీర్తిక నవ్వింది. “ఖాళీ ఇల్లు చూపించి ఉంటే ఇవాళే ప్రాజెక్టు ఆపేసేదాన్ని. ఇదీ అసలు టెస్ట్! ఇక ప్రతి బుధవారం ఇలాగే పెట్టండి. వీలైతే ఇంకొంతమందిని పిలవండి.”

కాల్ అయ్యాక మహీధర్ కూడా ఉప్మా ప్లేటు అందుకున్నాడు. రాజారావు ఎవరికీ చెప్పకుండా ఉప్మా ప్లేట్లన్నీ కడిగి బోర్లించి వెళ్లాడు.

ఇప్పుడు ప్రతి మంగళవారం సాయంత్రం నిఖిల రెండింతల ఇడ్లీ పిండి రుబ్బుతోంది; ప్రాజెక్టు సిబ్బందిలో ఆమె పేరు మాత్రం ఇంకా చేరలేదు.