నిష్‌లో ఎండ లేని జూలై

ఆ ఉదయం వుకాషిన్ పెట్టుకున్న పని చిన్నదే. నిష్ పట్టణంలో దేసాంక పెద్దమ్మ ఉండే అపార్ట్‌మెంట్ డాబా మీద ఎండను కొలిచే పరికరం బిగించి, ఆమె పెట్టే కాఫీ తాగి ఆఫీసుకు వెళ్లిపోవాలి. ఇలాంటి పనికి తోటి ఇంజనీర్లు విమానాశ్రయం వాతావరణ లెక్కలు తెచ్చి వాడేస్తారు. వుకాషిన్‌కు అది గిట్టదు. పక్కూరి తూకంతో సరుకు అమ్మడమేమిటంటాడు.

ఈ కొలత మీద ఒక లీపా చెట్టు ప్రాణం ఆధారపడి ఉంది. భవనానికి దక్షిణం వైపు నీడంతా దానిదే. అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడు తిహోమిర్ కారు నిలిపేదీ దాని కిందే. వేసవంతా ఆకుల నుంచి జిగురు కారి కారుకు పూత పడుతోందని ఆయన చెట్టు కొట్టించేద్దామన్నాడు. లీపా పూలు ఎండబెట్టి, వాటితో చలికాలమంతా టీ కాచి ఇరుగుపొరుగుకు పంచే దేసాంక ససేమిరా అంది. చివరికి ఒక బేరం కుదిరింది. కంప్యూటర్‌లో భవనం నమూనా తయారుచేసి, చెట్టు ఉంటే గదులు ఎంత వేడెక్కుతాయో, లేకపోతే ఎంత వేడెక్కుతాయో వుకాషిన్ తేలుస్తాడు. ఎండ ఎంత గట్టిదైతే నీడకు అంత గిరాకీ.

"పెద్దమ్మా, ఎండను కొలిచేది పైనున్న ఈ గాజు బుడగే, దీని మీద దుమ్ము పడకూడదు. పూచీ నీదే."

"నా చేతికిచ్చిన వస్తువు మీద దుమ్మా? బాగా చెప్పావులే."

దేసాంక ఇంట్లో టీవీకి, రేడియోకి, ఫోనుకి ఆమె అల్లిన లేసు గుడ్డలున్నాయి. సాయంత్రానికల్లా గాజు బుడగకూ ఒక టోపీ అమరింది. మంచి దళసరి అల్లిక. గాలికి పోకుండా కింద రిబ్బను ముడి. అయితే సొంతదారు వచ్చినప్పుడు వస్తువు ముఖం కనబడాలి, అది మర్యాద. అందుకని వుకాషిన్ వస్తున్నానని ఫోన్ చేసినప్పుడల్లా ముందుగా డాబా ఎక్కి టోపీ తీసేసేది.

పరికరం పంపే అంకెల్లో జూలై ఎండ వుకాషిన్ ఆఫీసుకు డిసెంబరు ఎండలా చేరసాగింది. పరికరం చెడిందేమోనని అతను ఇంకొకటి తెచ్చి పక్కనే బిగించాడు. రెండోది చిన్నబుచ్చుకోకూడదని దేసాంక దానికీ అదే నమూనాలో టోపీ అల్లింది. దాంతో రెండు పరికరాలూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే మాట చెప్పాయి. ఇద్దరు సాక్షులు ఏకమైతే ఇంజనీరు మాత్రం ఏమంటాడు? ఈ భవనంలో జూలైలోనూ హీటరు కావాలని కంప్యూటర్ తేల్చింది.

సంఘం సమావేశంలో అందరూ ఆ నివేదికతోనే విసురుకుంటూ, ఇక్కడ ఎండ అంతంత మాత్రమేనన్న సంగతి విన్నారు.

"ఎండే లేనప్పుడు నీడతో ఏం పని, దేసాంకా?" అన్నాడు తిహోమిర్ చొక్కా బొత్తాలు విప్పుకుంటూ.

"మరి నీకా చెమటలేమిటి?"

"అది నా ఒంటి తత్వం. ఇది సైన్సు."

చెట్టు కొట్టేయాలని తీర్మానమైంది. దేసాంక వుకాషిన్‌ను పల్లెత్తు మాట అనలేదు. "నీ లెక్క తప్పదు నాన్నా. దానికే రోజులు చెల్లాయి," అని, చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చుంది.

రంపాలవాళ్లు వచ్చే రోజు ఆమెకు ముఖం చూపించలేక, వుకాషిన్ ఫోన్ చేయకుండానే వచ్చాడు. పరికరాలు విప్పుకుపోదామని నేరుగా డాబా ఎక్కాడు. గడ్డం కింద రిబ్బన్లు కట్టించుకుని, తెల్లటి లేసు టోపీలతో, బాప్తిస్మానికి ముస్తాబైన కవల పిల్లల్లా కనిపించాయి రెండూ. పిట్టగోడ మీద నుంచి వంగి, రంపం ఆపమని కేకేశాడు. తర్వాత పెద్దమ్మను పైకి పిలిచాడు.

"ఏమిటివి?"

"దుమ్ము పడకూడదన్నావుగా. పడిందా?"

"లేదు."

"మరింకేం?"

టోపీలు తీశాక మధ్యాహ్నం దాకా కొలిచిన ఎండతో లెక్క మళ్లీ వేశారు. చెట్టు పోతే దక్షిణం వైపు ఇళ్లన్నీ రొట్టెల బట్టీలవుతాయి. అందులో ముందు కాలేది తిహోమిర్ పడకగది. రంపాలవాళ్లకు కాఫీలిచ్చి ఆయనే దగ్గరుండి సాగనంపాడు. కానీ అధ్యక్షుడు కదా, అంత తేలిగ్గా నష్టానికి ఒప్పుకోడు.

"చెట్టు ఉంటే ఉండనీ. నా కారు మీద జిగురు సంగతేమిటి?" అన్నాడు.

దేసాంక ఆ కారును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తీరిగ్గా చూసి, కొలత టేపు తేవడానికి లోపలికి వెళ్లింది.