చక్రాల ఇంటికి చప్పట్లు

ఆ ఆదివారం పొద్దున ఒస్వాల్దో వేసుకున్న పథకం చాలా సులువైనది. నిప్పుల మీద మాంసం కాల్చాలి, అత్తగారికి వడ్డించాలి, కొత్త చక్రాల ఇంట్లో ఏ లోపమూ లేదని ఆవిడ నోటితోనే అనిపించాలి.

లోపాలకేం, కావలసినన్ని ఉన్నాయి. లైటు వేస్తే నీళ్ల పంపు గుర్రుమంటుంది. ఫ్రిజ్ తెరిస్తే కుళాయి కారుతుంది. వాన లోపలికి వస్తోందని కిటికీకి తానే జిగురు పూశాడు. అప్పట్నుంచి అది బెత్తెడుకి మించి తెరుచుకోదు. కారు వెనక తగిలించుకుని ఈ సముద్రం ఒడ్డుకు లాక్కొచ్చేసరికి దారిలో మరలు కూడా కొన్ని రాలాయి. ఎవరైనా అడిగితే మాత్రం "కొత్త కదా, అలవాటు పడుతోంది" అంటాడు, అత్తవారింటికొచ్చిన కోడలి గురించి చెప్పినట్టు.

భార్య నెలిదా బస్టాండుకు బయలుదేరుతూ వేలు చూపించి మరీ చెప్పింది. "మా అమ్మ ముందు ఒక్కటి పాడైందా, దీన్ని అమ్మేస్తున్నాం. ఎప్పట్లాగే వేసవంతా అమ్మ వాళ్లింట్లోనే."

ఆ ఇంట్లో ఇంటినిండా చుట్టాలు, ఒకటే బాత్రూం. ఒస్వాల్దో ఛాతీ మీద చెయ్యేసుకున్నాడు. "ఏదీ పాడవదు, నాదీ పూచీ!" అన్నాడు.

మాంసం నిప్పులకెక్కించి, ఉప్పు కోసం లోపలికి వెళ్లాడు. గాలికి తలుపు దభాలున మూసుకుంది. లోపలి పిడి తిప్పితే అది కాస్తా ఊడి చేతికొచ్చింది. కంగారులో మోచెయ్యి లైటు మీటకు తగిలి పంపు కూడా గుర్రుమనడం అందుకుంది.

అరిస్తే ఒడ్డున గుడారాలేసుకున్న జనమంతా వింటారు, అత్తగారి చెవిన వేస్తారు. అందుకని పక్క గుడారంలోని రామిరో ఒక్కడికే వినపడేలా, ఎవరింటి గేటు ముందో నిలబడి పిలిచినట్టు, కిటికీ సందులోంచి చేతులు చాచి మర్యాదగా చప్పట్లు కొట్టాడు.

అదే కొంప ముంచింది. వాళ్ల దేశంలో గేటు ముందు చప్పట్లంటే పిలుపే. బీచిలో అయితే మాత్రం ఎవరి బిడ్డో తప్పిపోయినట్టు. దొరికిన బిడ్డను భుజాలకెత్తుకుని, కన్నవాళ్లు వచ్చేదాకా అందరూ కలిసి కొడుతూనే ఉండాలి.

"అయ్యో, ఎవరి పిల్లో తప్పిపోయిందర్రా!" అంటూ రామిరో లేచి తానూ మొదలెట్టాడు. అతన్ని చూసి పక్కవాళ్లు, వాళ్లను చూసి గొడుగుల కింద పడుకున్నవాళ్లు. చూస్తుండగానే ఒడ్డు ఒడ్డంతా మోగిపోయింది. తప్పిపోయిన పిల్ల లేకపోతే ఎలా? ఐస్‌క్రీం నాకుతూ పోతున్న ఒక పిల్లను రామిరో భుజాలకెత్తుకున్నాడు.

"నేనేం తప్పిపోలేదు!"

"అందరూ అలాగే అంటారమ్మా. ఏడవకు."

"ఏడవట్లేదు! దింపు!"

ఊరేగింపు కిటికీ దగ్గరికి వచ్చింది. "మొదట కొట్టింది నువ్వే కదయ్యా, ఇదిగో నీ పిల్ల!" అన్నాడు రామిరో.

"నాకు పిల్లలెక్కడున్నారు?"

"మరెందుకు కొట్టావ్?"

తలుపు సంగతి చెబితే అత్తగారిదాకా పోతుంది. "ఊరికే... ఉత్సాహం వచ్చి" అన్నాడు ఒస్వాల్దో.

"మాంసం మాడుతోంది, తిప్పనా?"

"నా నిప్పు మీద చెయ్యేశావంటే ఊరుకోను!"

సరిగ్గా అప్పుడే నెలిదా తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. వందల మంది, చక్రాల ఇల్లు, చప్పట్లు. నెలిదా మొహం పాలిపోయింది. అత్తగారు ఎర్మిందా మాత్రం పొగలు కక్కుతున్న పొయ్యిని చూసి, జనాన్ని చూసి, కళ్లు తుడుచుకుంది.

"మాంసం కాల్చినవాడికి తిన్నవాళ్లు చప్పట్లు కొట్టడం ఆనవాయితీయే గానీ, ఇంతమందా! మీ నాన్న జీవితమంతా కాల్చినా నాలుగు చప్పట్లకు మించి నోచుకోలేదే!"

ఆవిడ జనాన్ని తోసుకుంటూ వెళ్లి బయటి పిడి తిప్పింది. తలుపు ఇట్టే తెరుచుకుంది. ఆ ముక్క అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. ఒక చేత్తో ఉప్పు, ఒక చేత్తో పిడి పట్టుకుని ఒస్వాల్దో గుడ్లప్పగించి నిలబడ్డాడు. అదే క్షణంలో ఐస్‌క్రీం పిల్ల తల్లి పరుగెత్తుకొచ్చింది. చప్పట్లు మిన్నంటాయి.

తల్లి కంట పడకముందే నెలిదా గబుక్కున పిడి లాక్కుని చేతిసంచిలో పడేసింది. ఒస్వాల్దోకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

మాంసం మాడింది. అత్తగారికి అలాగే ఇష్టమట. కడుపునిండా తిని, "అల్లుడూ, నిన్ను తక్కువ అంచనా వేశాను. ఇంత పేరు తెచ్చుకున్న చోటు వదిలి ఆ ఇరుకింట్లో నాకేం పని? వేసవంతా మీతోనే ఉంటా. కిటికీ పక్క మంచం నాది" అంది.

"అది కాదు అత్తయ్యా..." అన్నాడు ఒస్వాల్దో.

"మొహమాటపడకు. చలిగాలి మొదలైంది, పదండి లోపలికి!" అని ఇద్దర్నీ ముందు ఎక్కించి, తానూ ఎక్కి, తలుపు గట్టిగా లాగి మూసింది.

లోపలి పిడి నెలిదా చేతిసంచిలోనూ, చేతిసంచి బయట కుర్చీలోనూ ఉన్నాయి.