చల్లారిన టీ గారికి కృతజ్ఞతలతో

పెళ్లి సంబంధాలు వెతుక్కుంటున్న వారందరికీ నాదొక మనవి. అబ్బాయి ఎత్తు, చదువు, ఉద్యోగం తర్వాత చూసుకోవచ్చు. ముందు ఒక్క విషయం కనుక్కోండి. సాఫ్ట్‌వేర్ రాసి అందరికీ ఊరికే పంచిపెట్టే అలవాటు ఉందా, లేదా? ఉందని తేలితే మారుమాట లేకుండా ఒప్పేసుకోండి. అలాంటి భర్త దొరకడం మహాభాగ్యం!

నవ్వుతున్నారని తెలుసు. నవ్వండి. పదకొండేళ్లు కాపురం చేసినదాన్ని, ఆషామాషీగా చెప్పడం లేదు.

ముందు మా ఆయన రాసిందేమిటో చెప్పాలి. శాస్త్రవేత్తల దగ్గర కొన్ని లెక్కలుంటాయట. ఒక్క కంప్యూటరుతో మొదలుపెడితే వాళ్ల మునిమనవలు వచ్చి జవాబు చూసుకోవాల్సినంత పెద్ద లెక్కలు. అందుకని ఒక్కో లెక్కను లక్ష ముక్కలు చేసి, సాయం చేస్తామని ముందుకొచ్చిన వాళ్ల ఇళ్లలోని కంప్యూటర్లకు తలా ఒక ముక్క పంపుతారు. ఇంట్లో కంప్యూటరు ఖాళీగా ఉన్నప్పుడు అది ఆ ముక్క తేల్చి తిరిగి పంపేస్తుంది. ఎవరికీ ఏమీ ముట్టదు. అంతా స్వచ్ఛందం.

అయితే కంప్యూటరు ఖాళీగా ఉందని తేల్చేదెవరు? మా ఆయన రంగంలోకి దిగింది అక్కడే. మూడు నిమిషాల పాటు ఎవరూ కీబోర్డు ముట్టకపోతే లెక్క మొదలుపెట్టి, వేలు తగలగానే ఆపేసే చిన్న ప్రోగ్రాం రాశారు. దానికి ‘తీరిక’ అని పేరు పెట్టారు. ఓపెన్ సోర్స్ అన్నారు. అంటే ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి లోపల చూడొచ్చు, మార్చుకోవచ్చు, నలుగురికీ పంచొచ్చు. తిట్టడం కూడా ఉచితమేనని ఆయన ఎక్కడా రాయలేదు. అది జనం సొంతంగా కనిపెట్టారు.

తీరిక వెర్షన్ 0.1 విడుదలైన వారమే మా వంటింటి కుళాయి కారడం మొదలుపెట్టింది. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదని మా ఆయన అంటారు. పైకి నేనూ అదే అంటాను.

కుళాయిలు బాగుచేసే మనిషిని పిలిపించాను. ఆయన సంచి కింద పెట్టకముందే మా ఆయన ఎదురెళ్లారు.

“అబ్బే, మీకెందుకండీ శ్రమ. వాషర్ అరిగినట్టుంది. పది నిమిషాల పని, నేను చూసుకుంటాను” అని గుమ్మంలోంచే సాగనంపారు. ఆ పది నిమిషాలు ఏ నెలలో వస్తాయో ఆయన చెప్పలేదు. అది జరిగి ఏడు నెలలైంది.

ఇందులో లాభాలు మీకు కనబడుతున్నాయా, లేదా? కుళాయి కింద పెట్టిన గిన్నె తెల్లారేసరికి నిండిపోతుంది, మొక్కలకు వేరే నీళ్లు పట్టనక్కర్లేదు. వంటింట్లో గడియారమూ అక్కర్లేదు. నిమిషానికి సరిగ్గా నలభై చుక్కలు. మూడు వందల ఇరవై చుక్కలు లెక్కపెడితే గుడ్డు గట్టిగా ఉడుకుతుంది. ఇంత సౌకర్యం మీ ఇళ్లలో ఉందా?

ఇక ఫిర్యాదుల పేజీ సంగతి వినండి. తీరికలో ఏ లోపం కనబడినా రాయడానికి ఇంటర్నెట్‌లో ఆయన ఒక పేజీ తెరిచారు. తెరిచిన ముహూర్తం ఏమిటో గానీ, అది మళ్లీ మూతపడలేదు.

లెక్క నడుస్తున్నంతసేపూ తెర మూల ఒక ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. ఒక పళ్ల డాక్టరుగారు దాన్ని నీలం చేయమన్నారు. పచ్చచుక్క చూసి కుర్చీ ఖాళీ అయిందనుకుని పేషెంట్లు లోపలికి వచ్చేస్తున్నారట. మా ఆయన నీలం చేశారు. మర్నాడు ఇంకొకాయన, ఆ పచ్చదనం చూస్తేనే తన కళ్లు చల్లబడతాయని మొరపెట్టుకున్నారు. ఇద్దరి మధ్యా నూట పన్నెండు ఉత్తరాలు నడిచాయి. చివరికి ఎవరికి నచ్చిన రంగు వాళ్లు పెట్టుకునేలా మా ఆయన ఏర్పాటు చేశారు. అప్పుడు ఇద్దరూ ఏకమై, ఇన్ని రంగులతో తికమకగా ఉందని ఉమ్మడిగా ఒక ఫిర్యాదు రాశారు. కొట్టుకుంటున్న ఇద్దరిని కలపడం మాటలా?

కళ్లు చల్లబడే ఆయనకు ఒక పిల్లి కూడా ఉంది. అది కీబోర్డు మీదే పడుకుంటుంది కాబట్టి కంప్యూటరు ఎప్పటికీ ఖాళీ అవదు, సైన్సుకు తన వంతు సాయం అందడం లేదు. మా ఆయన తొమ్మిది రోజులు ఆలోచించారు. ఒకేసారి పదిహేను మీటలు నొక్కుకుపోయి గంటసేపు కదలకపోతే అది మనిషి కాదు, పిల్లి అని ప్రోగ్రాంకు నేర్పారు. ఆ సాయంత్రమే జవాబు వచ్చింది. కీబోర్డు మీద తలవాల్చి నిద్రపోయే తన బావమరిదిని కూడా పిల్లి కింద జమకట్టేస్తోందని.

“మీ ప్రోగ్రాం తీసేశాను. అప్పటి నుంచి అది పనిచేయడం లేదు” అని రాసిన మహానుభావుడు ఒకాయన ఉన్నారు. ఆయనకు మా ఆయన మూడు పేరాల జవాబిచ్చారు. ఒక్క మాటలోనూ విసుగు లేదు.

“వాడు చిన్నప్పట్నుంచీ అంతేనమ్మాయ్” అన్నారు మా అత్తగారు, కుళాయి కింది గిన్నె మారుస్తూ. “ఎదురింటి పిల్లాడి సైకిలుకి చైను వేసొచ్చి, తన సైకిలు తోసుకుంటూ బడికెళ్లేవాడు.”

నా మీద కూడా ఆ ప్రోగ్రాం దయ ప్రసరించింది. పుస్తకాల ప్రూఫులు దిద్దడం నా వృత్తి. ఒక పేజీ తెరిచానంటే ఐదారు నిమిషాలు చెయ్యి కదపకుండా చదువుతాను. పరీక్షించడానికని మా ఆయన నా లాప్‌టాప్‌లోనూ తీరిక పెట్టారు. ఇంకేముంది, మూడు నిమిషాలు కాగానే లోపల ఫ్యాను రంయ్‌మని లేచేది, పేజీ బిగుసుకుపోయేది. ఇరవై ఏళ్లుగా నేను చేస్తున్నది పని కాదని, ఊరికే కూర్చోవడమని ఒక ప్రోగ్రాం తేల్చేసింది!

“ఏమండీ, నేను పని చేసుకుంటుంటే మీ ప్రోగ్రాం నన్ను ఖాళీగా ఉన్నానంటోంది” అన్నాను గుమ్మం దగ్గర నిలబడి.

“పేజీలో రాయి” అన్నారు, తెర మీంచి చూపు తిప్పకుండా.

“ఎదురుగా ఉండే చెబుతున్నానుగా.”

“నోటితో చెబితే మర్చిపోతాను. పేజీలో రాస్తే దానికో నంబరు పడుతుంది.”

మా ఇంటి చట్టం నాకు ఆ రోజు బోధపడింది. నంబరు లేనిదేదీ లేనట్టే లెక్క. కుళాయికి నంబరు లేదు. ఆ మాటకొస్తే నాకూ లేదు.

సరే, పేజీలో చేరాను. ఏదో ఒక మారుపేరు పెట్టుకోమంది. ఆయన కోసం ఆరింటికి పెట్టిన టీ ఏడున్నరకు నా పక్కనే మీగడ కట్టి ఉంది. ‘చల్లారిన టీ’ అని రాశాను. చదవడం కూడా పనేనని, దయచేసి గుర్తించమని ఫిర్యాదు పెట్టాను.

పదకొండు నిమిషాల్లో జవాబు. “చల్లారిన టీ గారికి, మీ విలువైన సమయం వెచ్చించి ఈ లోపాన్ని మా దృష్టికి తెచ్చినందుకు హృదయపూర్వక కృతజ్ఞతలు. మీలాంటి వారే ఈ ప్రయత్నానికి ఊపిరి.”

పదకొండేళ్లలో ఆయన నన్ను ఊపిరి అనడం అదే మొదటిసారి. మా ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క గోడ. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ జవాబు నాలుగుసార్లు చదువుకున్నాను. మర్నాటికల్లా తీరికలో ‘చదువుతున్నాను’ అనే మీట వచ్చింది.

ఇప్పుడు మా సాయంత్రాల గురించి చెప్పాలి. రోజూ ఆరింటికి రెండు కప్పుల టీ పెట్టి, వంటింట్లోనే ఉన్న భోజనాల బల్ల దగ్గర కూర్చుని పిలుస్తాను. “ఒక్క నిమిషం, వచ్చేస్తున్నా” అంటారు. ఏ క్షణమైనా వచ్చేస్తారు కదా అని నేను లాప్‌టాప్ ముట్టుకోను. మూడు నిమిషాలకు పచ్చచుక్క వెలుగుతుంది. ఆయన ఒక్క నిమిషం ఎనిమిది గంటలకు పూర్తవుతుంది. ఆ రెండు గంటలూ నా లాప్‌టాప్ సైన్సుకు సేవ చేస్తుంది.

తీరికలో ‘నిలకడ పట్టిక’ అని ఒకటుంది. ఒక్కరోజు కూడా తప్పకుండా తమ కంప్యూటరు సమయం ఇచ్చేవాళ్ల పేర్లు అందులో వరుసగా ఉంటాయి. ఆరు నెలలుగా మొదటి పేరు చల్లారిన టీ. అట్టడుగున ఉన్నది ఎవరనుకుంటున్నారు? తీరికను కనిపెట్టిన మా ఆయనే. ఆయన వేళ్లు కీబోర్డు మీంచి మూడు నిమిషాలు లేచింది ఎప్పుడు గనక! భోజనానికో నిద్రకో లేచినా కంప్యూటరు ఆపేసి మరీ లేస్తారు. ఆయన పేరు పక్కన సున్నా గంటల సున్నా నిమిషాలు అని ఉంటుంది.

“ఈ చల్లారిన టీ ఎవరో గానీ, మనిషంటే అలా ఉండాలి” అన్నారొకరోజు భోజనానికి వస్తూనే. “రోజూ ఆరు నుంచి ఎనిమిది దాకా కీబోర్డు మీద చెయ్యి వెయ్యడు. ఎంత నిగ్రహమో చూడు.” అంటూనే బల్ల మీది టీ తీసుకుని గడగడా తాగేశారు.

“ఆ రెండు గంటలూ ఏం చేస్తుంటాడంటారు?” అన్నాను.

“ధ్యానం అయ్యుంటుంది.”

మా అత్తగారికి పొలమారింది. నీళ్లిచ్చాను.

ఇంతలో వెర్షన్ 1.0 విడుదల దగ్గరపడింది. ఆ సందర్భంగా మా ఆయన పేజీలో ఒక ప్రకటన చేశారు. నిలకడ పట్టికలో మొదటి స్థానంలో ఉన్నవారు ఏది కోరినా అన్నిటికన్నా ముందు అదే చేసిపెడతానని, ఇది తన మాట అని. పళ్ల డాక్టరుగారితో సహా అందరూ చల్లారిన టీ కోరిక కోసం కాచుకుని కూర్చున్నారు.

రెండు రోజులు ఆలోచించి, ప్రూఫు దిద్దినంత శ్రద్ధగా రాశాను. “లోపం: వంటింటి కుళాయి కారుతోంది. ఎప్పటి నుంచి: వెర్షన్ 0.1 నుంచి. ఎంత తరచుగా: నిమిషానికి నలభై సార్లు. జరగవలసినది: కారకూడదు.”

తొమ్మిది నిమిషాలకు జవాబు. “చల్లారిన టీ గారికి నమస్కారం. మా దగ్గర ఈ సమస్య కనబడడం లేదు. మీరు వాడుతున్నది ఏ వెర్షనో తెలుపగలరు.”

నా వెనకే చుక్కలు పడుతున్నాయి. పదకొండు లెక్కపెట్టి, అప్పుడు రాశాను. “వంటింట్లోకి వచ్చి చూడండి. టీ కూడా ఉంది.”

పక్క గదిలో కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. ఒక నిమిషం. రెండు. మూడు. ఆయన కంప్యూటరు మీద పచ్చచుక్క మొట్టమొదటిసారి వెలిగే ఉంటుంది. ఆ తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు. గుమ్మంలో నిలబడి నన్నూ, నా లాప్‌టాప్‌నూ, రెండు కప్పులనూ మార్చి మార్చి చూశారు.

“నువ్వా?” అన్నారు.

“ధ్యానంలో ఉన్నాను” అన్నాను.

ఆ పది నిమిషాల పనికి నలభై నిమిషాలు పట్టింది. నీళ్లు ఆపే వాల్వు సింకు కింద తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఆయన వెల్లకిలా పడుకుని దాన్ని తిప్పుతుంటే నేను టార్చి పట్టుకున్నాను. ఆ లెక్కంతా పిల్లలకొచ్చే ఒక అరుదైన జబ్బుకు మందు కోసమని కింద నుంచే చెప్పారు. ఏడు నెలల్లో ఆయన చెప్పలేదు, నిజం చెప్పొద్దూ, నేనూ అడగలేదు. నేను దిద్దుతున్న నవలలో రచయిత మూడో అధ్యాయంలో చంపేసిన మేనమామకు ఏడో అధ్యాయంలో పెళ్లి చేశాడని నేను చెప్పాను. ఆయన పకపకా నవ్వి తల గొట్టానికి కొట్టుకున్నారు. కొత్త వాషర్ పడింది. కుళాయి నోరు మూసుకుంది. టీ మళ్లీ పెట్టాను, ఇద్దరం వేడిగా తాగాం.

కథ సుఖాంతమైందని సంబరపడకండి. ఊరికే పంచిపెట్టే మనిషి ఆ సంతోషాన్ని ఇంట్లోనే దాచుకుంటాడా? మర్నాడే కుళాయి బాగుచేసే పద్ధతిని బొమ్మలతో సహా రాసి, ‘కుళాయి 0.1’ అని విడుదల చేసేశారు. వారంలో అరవై ఫిర్యాదులు. ఒకాయన చెప్పినట్టే చేశాడట, వంటింట్లో మోకాలి లోతు నీళ్లు. పళ్ల డాక్టరుగారికి తన కుర్చీ పక్క కుళాయికి వేరే కొలత వాషర్ కావాలి. పిల్లి ఆయనది ఇంకా పెద్ద గోడు. ఆ పిల్లి కారే కుళాయి నీళ్లే తాగేదట, బాగుచేసినప్పటి నుంచి అలిగి కూర్చుందట. పిల్లులున్న ఇళ్ల కోసం కొంచెం కారే వెర్షన్ తేవాలని మా ఆయన ఆలోచనలో పడ్డారు.

టీ మళ్లీ చల్లారుతోంది. ఇప్పుడు లెక్కపెట్టుకోవడానికి చుక్కలు కూడా లేవు.

ఇదంతా ఆయన చదివితే ఏమనుకుంటారని మీకు బెంగ అక్కర్లేదు. చదవడానికి తీరిక ఉండాలి, ఆయన ఖాతాలో ఉన్నది గంటలోపు చిల్లర. కాబట్టి మీకు మాత్రం నిజం చెప్పేస్తాను. ఏడు నెలలు నేను మొత్తుకున్నది కుళాయి కోసం కాదు. ఆ నలభై నిమిషాల కోసం.

అందుకే ఈ సాయంత్రం ఆరింటికి టీ పెట్టి, స్పానర్ తీసుకుని, కుళాయిని నేనే కాస్త వదులు చేశాను. చుక్కలు లెక్కపెట్టి చూసుకున్నాను, సరిగ్గా నలభై. పేజీ తెరిచి రాశాను. “లోపం మళ్లీ వచ్చింది. ఇట్లు, చల్లారిన టీ.”

పక్క గదిలో కీబోర్డు చప్పుడు ఆగింది. కుర్చీ జరిగింది. నేను టార్చి పట్టుకుని సింకు పక్కన నిలబడ్డాను.